ఎంత దూరానికి ఎంత బండి: టన్ను రవాణా ఖర్చు లెక్క కట్టే పద్ధతి

బండి మాట్లాడేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న "కిరాయి ఎంత?" అని. అడగాల్సింది అది కాదు. సరుకు గమ్యంలో దిగేసరికి టన్నుకు ఎంత పడింది అన్నదే అసలు లెక్క. పికప్‌కు 4,950, లారీకి 18,600 అంటే పికప్ చవకగా కనిపిస్తుంది. లోడుతో భాగిస్తే 1.5 టన్నుల పికప్‌లో టన్నుకు 3,300, 18 టన్నుల లారీలో 1,033 అని తేలుతుంది. అలాగని ప్రతిసారీ పెద్ద బండే లాభమా అంటే, అదీ కాదు. దూరం, లోడు నిండే తీరు, ఎక్కించి దించడానికి పోయే టైము, తిరుగు లోడు, ఈ నాలుగూ కలిసి బండి సైజును తేలుస్తాయి.

ఉదాహరణకు మిర్యాలగూడ మిల్లుల బియ్యం తీసుకుందాం. బరువైన సరుకు, బస్తాల్లో వస్తుంది, రెండు మూడు రోజులు ఆలస్యమైనా పాడవదు. అందుకే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. టమాటా, మరమరాలు లాంటి సరుకులకు ఏం మారుతుందో తర్వాత చెప్తాం. డీజిల్ ధర, మైలేజీ, జీతాలు, బండి ధర మేం లెక్క కోసం వేసుకున్నవి. ఆ చోట మీ అంకెలు పెట్టుకోండి. చట్టాలు, టోలు మూల రేట్లు, థర్డ్ పార్టీ బీమా అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాం.

మొదటి అడుగు: బండి నిజంగా ఎంత మోస్తుందో చూడండి

ఆర్సీలో స్థూల బరువు, అంటే లోడుతో కలిపి బండి ఉండాల్సిన గరిష్ఠ బరువు ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే లోడు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువు పరిమితులు పెంచింది. పది టైర్ల లారీ స్థూల బరువు 25 నుంచి 28.5 టన్నులకు, ఆరు టైర్లది 16.2 నుంచి 18.5కు పెరిగాయి. పాత బండ్ల ఆర్సీల్లో పాత అంకెలే ఉండొచ్చు. "పది టైర్లే కదా" అని ఊహించి లోడు ఎక్కించకండి, ఆర్సీ చదవండి. బాడీ కట్టించిన తర్వాత ఖాళీ బరువు కూడా మారుతుంది. ఒకసారి ఖాళీ బండిని డీజిల్, స్టెప్నీ, పట్టా, తాళ్లతో సహా కాటా మీద పెట్టి ఆ చీటీ దాచుకోండి.

లెక్కకు నాలుగు బండ్లు తీసుకున్నాం: బొలెరో తరహా పికప్ 1.5 టన్నులు, పద్నాలుగు అడుగుల డీసీఎం (మధ్య సైజు సరుకు బండి) 4 టన్నులు, పది టైర్ల లారీ 18 టన్నులు, పద్నాలుగు టైర్ల లారీ 29 టన్నులు.

రెండో అడుగు: బండి నిలబడినా అయ్యే రోజు ఖర్చు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఈఎంఐని ఖర్చుగా రాసుకుంటారు. ఈఎంఐలో అసలు కూడా కలిసి ఉంటుంది. అప్పు తీరాక బండి ఊరికే వచ్చినట్టు అనిపించి కిరాయి తగ్గించేస్తారు, ఆరేళ్ల తర్వాత కొత్త బండి కొనడానికి చేతిలో డబ్బు ఉండదు. ఖర్చు అంటే తరుగుదల, వడ్డీ. వాటినే రాయండి.

పది టైర్ల లారీకి ఏడాది లెక్క ఇలా వేద్దాం. బాడీతో 40 లక్షలు పడి, 8 ఏళ్ల తర్వాత 10 లక్షలకు అమ్ముడైతే తరుగుదల ఏడాదికి 3.75 లక్షలు. సగటు వడ్డీ 2.10 లక్షలు. బీమా 95 వేలు. రోడ్డు పన్ను, నేషనల్ పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి 55 వేలు. డ్రైవర్ జీతం, బత్తా 3.36 లక్షలు. క్లీనర్‌కు 1.44 లక్షలు. మొత్తం 12.15 లక్షలు.

దీన్ని 365తో భాగించకండి. రిపేర్లు, పండుగలు, లోడు దొరకని రోజులు, ఫిట్‌నెస్ కోసం ఆగిన రోజులు పోగా 270 రోజులు తిరిగితే బాగా తిరిగినట్టే. 12.15 లక్షలను 270తో భాగిస్తే రోజుకు 4,500. ఇదే పద్ధతిలో పికప్‌కు 1,500, డీసీఎంకు 2,100, పద్నాలుగు టైర్లకు 5,400 వేసుకున్నాం.

ఒక్కసారి ఆ అంకెలు పోల్చి చూడండి. పికప్ కంటే పద్నాలుగు టైర్ల లారీ 19 రెట్లు మోస్తుంది, రోజు ఖర్చు మాత్రం నాలుగు రెట్లు కూడా లేదు. కారణం సులువు. పెద్ద బండికైనా చిన్న బండికైనా డ్రైవర్ ఒక్కడే. బీమా కూడా సైజుతో సమానంగా పెరగదు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం 7.5 టన్నుల స్థూల బరువు లోపు సరుకు బండికి రూ. 16,049, 20 నుంచి 40 టన్నుల దానికి రూ. 43,950, 40 టన్నులు దాటితే రూ. 44,242. నలభై టన్నుల గీత దాటినందుకు పెరిగింది 292 రూపాయలే.

చిన్న బండికి వేరే సౌకర్యాలున్నాయి. స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు బండిని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి డ్రైవర్లు తేలిగ్గా దొరుకుతారు. హెవీ డ్రైవర్ సెలవు పెడితే లారీ అక్కడే నిలబడుతుంది, మీటరు మాత్రం రోజుకు 4,500 చొప్పున తిరుగుతూనే ఉంటుంది.

మూడో అడుగు: కిలోమీటరు ఖర్చు

డీజిల్ లీటరు రూ. 96 అనుకుందాం. కంపెనీ చెప్పే మైలేజీ రాయకండి. ట్యాంకు నిండా కొట్టించి, ఒక ట్రిప్పు పోయివచ్చి, మళ్లీ నిండా కొట్టించి లెక్కకట్టండి. కనీసం ఐదు ట్రిప్పుల సగటు కావాలి.

పది టైర్ల లారీ లీటరుకు 4.5 కి.మీ. ఇస్తే డీజిల్‌కే కిలోమీటరుకు 21.30. బీఎస్ 6 బండి కాబట్టి డెఫ్ (పొగలోని కాలుష్యం తగ్గించే) ద్రావణానికి ఇంకో రూపాయి. పది టైర్లు 2 లక్షలు, 65 వేల కి.మీ. నడుస్తాయనుకుంటే 3 రూపాయలు. ఆయిలు, సర్వీసు, గ్రీజు, చిల్లర రిపేర్లు 2.50. టోలు 4.50. మొత్తం 32 చిల్లర, 32 అనుకుందాం. ఇలాగే పికప్‌కు 11.50, డీసీఎంకు 16, పద్నాలుగు టైర్లకు 40.

టోలు దగ్గర కాస్త ఆగాలి. 2008 జాతీయ రహదారుల ఫీజు నిబంధనల ప్రకారం మూల రేట్లు కిలోమీటరుకు ఇలా ఉన్నాయి: రెండు యాక్సిళ్ల (ఆరు టైర్ల) లారీకి రూ. 2.20, మూడు యాక్సిళ్ల (పది టైర్ల) వాణిజ్య వాహనానికి 2.40, పద్నాలుగు టైర్ల లారీ కూడా వచ్చే నాలుగు నుంచి ఆరు యాక్సిళ్ల బండికి 3.45. ఏటా ధరల సూచీతో ఇవి పెరుగుతాయి, వాటి మధ్య నిష్పత్తి మాత్రం అలాగే ఉంటుంది. ఆరు టైర్ల లారీలో 12 టన్నులేస్తే టన్నుకు కిలోమీటరుకు 18 పైసలు, పది టైర్లలో 13, పద్నాలుగు టైర్లలో 12. అంటే రెండు నుంచి మూడు యాక్సిళ్లకు మారినప్పుడు టోలులో వచ్చే లాభం పెద్దది, ఆ పైన దాదాపు లేదు. ఇంకో మెలిక ఉంది. 24 గంటల్లో తిరిగొస్తే ఒకవైపు టోలుకు ఒకటిన్నర రెట్లే కడతారు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే డీసీఎంకు ఆ రాయితీ అందుతుంది. దించడానికి రెండు రోజులు నిలబడే లారీకి అందదు.

నాలుగో అడుగు: ఆగే టైమును రోజుల్లోకి మార్చండి

పికప్ అరగంటలో నిండుతుంది, గంటలో ఖాళీ అవుతుంది. పది టైర్ల లారీకి 18 టన్నులంటే 26 కిలోల బస్తాలు దాదాపు 690. (25 కిలోల లోపు ప్యాకింగ్, లేబుల్ వేసిన బియ్యానికి 2022 జూలై 18 నుంచి జీఎస్టీ వచ్చింది, అందుకే మార్కెట్‌లో 26 కిలోల బస్తాలు కనిపిస్తున్నాయి.) హమాలీలు ఆరుగురున్నా ఎక్కించడానికి సగం పూట పోతుంది. కాటా, బిల్లు, పట్టా కట్టడం, గోదాం దగ్గర వరస కలిపి ట్రిప్పుకు ఒక రోజు ఆగే టైము కిందే వేసుకోవాలి.

హైదరాబాద్‌లో పగలు భారీ వాహనాలకు ఆంక్షలున్నాయి. లారీ పొద్దున పదికి నగరం అంచుకు చేరితే రాత్రి దాకా ఆగాల్సిందే, దించడం మర్నాటికి పోతుంది. ఒక్క ఆగుడుతో రూ. 4,500 పోయినట్టు. రాత్రికి చేరేలా బయల్దేరించడం, లేదా ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి గోదాములో దించుకోవడం, ఈ రెండిట్లో ఒకటి ముందే తేల్చుకోండి.

ఐదో అడుగు: కలిపి చూడండి

తిరుగు ప్రయాణం ఖాళీ అనే కష్టమైన పరిస్థితితో మొదలుపెడదాం. పోను రాను కిలోమీటర్లను కి.మీ. ఖర్చుతో, రోజులను రోజు ఖర్చుతో గుణించి, కలిపి, లోడుతో భాగించాలి.

50 కి.మీ. దూరానికి:
పికప్: అర రోజు, 100 కి.మీ., రూ. 1,900. టన్నుకు 1,267.
డీసీఎం: ఒక రోజు, రూ. 3,700. టన్నుకు 925.
పది టైర్లు: ఒకటిన్నర రోజు, రూ. 9,950. టన్నుకు 553.
పద్నాలుగు టైర్లు: రెండు రోజులు, రూ. 14,800. టన్నుకు 510.

150 కి.మీ.కు, అంటే మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ అంత దూరానికి:
పికప్: ఒక రోజు, రూ. 4,950. టన్నుకు 3,300.
డీసీఎం: ఒకటిన్నర రోజు, రూ. 7,950. టన్నుకు 1,988.
పది టైర్లు: రెండు రోజులు, రూ. 18,600. టన్నుకు 1,033.
పద్నాలుగు టైర్లు: రెండున్నర రోజులు, రూ. 25,500. టన్నుకు 879.

600 కి.మీ.కు పది టైర్ల లారీ ఐదు రోజుల్లో 60,900 తింటుంది, టన్నుకు 3,383. పద్నాలుగు టైర్లది ఐదున్నర రోజులు, 77,700, టన్నుకు 2,679. డీసీఎంలో టన్నుకు 6,900, పికప్‌లో 13,200. ఆ దూరానికి పికప్ మాట మర్చిపోవచ్చు, మరీ అత్యవసరమైన మందులో, మిషన్ విడిభాగమో అయితే తప్ప.

పది టైర్లకు, పద్నాలుగు టైర్లకు టన్ను ఖర్చులో తేడా 50 కి.మీ.కు 43 రూపాయలు, 150కి 154, 600కి 704. దగ్గర దూరంలో పెద్ద బండి లాభాన్ని ఆగే టైమే మింగేస్తుంది. దూరం పెరిగితే ఆ టైము ఎక్కువ కిలోమీటర్ల మీద పరుచుకుంటుంది. అందుకే పది టైర్ల లారీలో ఒక టన్నును ఒక కిలోమీటరు మోయడానికి 50 కి.మీ. ట్రిప్పులో 11 రూపాయలు పడితే 600 కి.మీ. ట్రిప్పులో 5.60 మాత్రమే పడుతుంది.

ఆరో అడుగు: ఎంత నిండితే పెద్ద బండి గిట్టుతుంది

పైన లెక్కలన్నీ నిండు బండివి. నిజంలో బండి ఎప్పుడూ నిండదు. పెద్ద బండి మొత్తం ఖర్చును చిన్న బండి టన్ను ఖర్చుతో భాగించండి. వచ్చినదే కనీస లోడు.

పద్నాలుగు టైర్ల లారీ, నిండిన పది టైర్లతో పోటీ పడాలంటే 50 కి.మీ.కు 26.8 టన్నులు ఎక్కాలి, అంటే 92 శాతం. 150 కి.మీ.కు 24.7 టన్నులు, 600 కి.మీ.కు 23 టన్నులు చాలు. పది టైర్ల లారీ డీసీఎంను కొట్టాలంటే 50 కి.మీ.కు 10.8 టన్నులు, 150కి 9.4, 600కి 8.8. దూరం పెరిగేకొద్దీ పెద్ద బండి కొంత ఖాళీగా పోయినా నష్టం రాదు. ఈ కనీస లోడు అంకెల్ని మీ రూటుకు లెక్కకట్టి లోడింగ్ చూసే మనిషి దగ్గర పెట్టండి. "పది టన్నులే వచ్చాయి, ఏ బండి పిలవాలి?" అన్న ప్రశ్నకు ఫోన్లు చేయక్కర్లేదు.

సరుకు నిండేదాకా ఆగితే డబ్బు ఇరుక్కుంటుందని భయపడతారు. అదీ లెక్క చూద్దాం. బియ్యం కిలో రూ. 45 అయితే టన్ను 45 వేలు. ఏడాదికి 12 శాతం వడ్డీతో టన్నుకు రోజుకు 15 రూపాయలు. పది రోజులు ఆగినా 150. అదే 150 కి.మీ.కు డీసీఎం బదులు నిండు పది టైర్ల లారీలో పంపితే టన్నుకు 955 మిగులుతుంది, 26 కిలోల బస్తాకు దాదాపు 25 రూపాయలు. బియ్యానికి ఆగడమే మేలు. మదనపల్లె టమాటాకు ఈ మాట వర్తించదు. అక్కడ ఒక్క రోజు ఆగితే వడ్డీ కాదు పోయేది, కాయ మెత్తబడి రేటు పడిపోతుంది.

ఏడో అడుగు: బరువు ముందు నిండుతుందా, చోటు ముందు నిండుతుందా

బండి మోసే బరువును బాడీ ఘనపుటడుగులతో భాగించండి. పది టైర్ల లారీ బాడీ 22 అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, ఏడు ఎత్తు అనుకుంటే 1,155 ఘనపుటడుగులు. 18,000 కిలోలను దాంతో భాగిస్తే 15.6. ఘనపుటడుగుకు అంతకన్నా బరువైన సరుకైతే బరువు ముందు నిండుతుంది, తేలికైతే చోటు నిండుతుంది. బియ్యం ఘనపుటడుగుకు 21 కిలోల దాకా ఉంటుంది, ఇబ్బంది లేదు. టమాటా క్రేటు రెండు ఘనపుటడుగులు, 25 కిలోలు అనుకుంటే 12.5. బాడీ మొత్తం పేర్చినా 14.4 టన్నులకే చోటు అయిపోతుంది. పై లెక్కల్లో 18 బదులు 14.4 పెట్టాలి, అంటే టన్ను ఖర్చు పావు వంతు పెరుగుతుంది. మరమరాలు, పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ క్రేట్లు అయితే టైర్ల లెక్క వదిలేసి బాడీ పొడవు అడగండి. 32 అడుగుల కంటైనరులో 2,000 ఘనపుటడుగులకు పైగా చోటుంటుంది. సింగిల్ యాక్సిల్‌ది 7 టన్నులే మోస్తుంది, అలాంటి సరుకుకు అది చాలు.

ఎనిమిదో అడుగు: తిరుగు లోడు

600 కి.మీ.కు పది టైర్ల లారీకి తిరుగు లోడు దొరికిందనుకోండి. మన సరుకు మీద పడేది పోయే 600, లోడు వెతకడానికి తిరిగిన 50, మొత్తం 650 కి.మీ., మూడున్నర రోజులు. ఖర్చు రూ. 36,550, టన్నుకు 2,031. ఖాళీగా వస్తే 3,383. అంటే తిరుగు లోడు టన్నుకు 1,352 మిగిలిస్తుంది. పది టైర్లు వదిలి పద్నాలుగు టైర్లకు మారితే మిగిలేది 704. పెద్ద బండి కొనడానికి అప్పు చేసేముందు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడమని మా మనవి. మరీ పెద్ద బండికి అన్ని ఊళ్లలోనూ తిరుగు లోడు దొరకదు, 29 టన్నుల సరుకు ఒకేచోట ఇచ్చేవాళ్లు తక్కువ.

తిరుగు లోడు కోసం ఎన్ని రోజులు ఆగొచ్చు? కిరాయి 24 వేలు వస్తుందని, ఎక్కించి దించడానికి అదనంగా ఒక రోజు పోతుందని అనుకుందాం. 24,000లో 4,500 తీస్తే 19,500. రోజుకు 4,500 చొప్పున నాలుగు రోజులు. లారీ ఆఫీసు కమీషన్, లోడుతో వచ్చేటప్పుడు తాగే అదనపు డీజిల్ తీసేస్తే మూడు. ఇంటి దగ్గర మంచి లోడు సిద్ధంగా ఉంటే ఇంకా తక్కువ, ఒక రోజు చూసి బయల్దేరాలి.

తొమ్మిదో అడుగు: చిన్న బండితో పోగేసి పెద్ద బండికి మార్చడం

20 కి.మీ. లోపలి ఊళ్ల నుంచి పికప్‌లో తెచ్చి లారీకి మార్చితే పికప్‌కు టన్నుకు 640, అదనపు హమాలీ, చిరిగిన బస్తాల నష్టం కలిపి 400, మొత్తం 1,040. డీసీఎంకు, పది టైర్లకు తేడా దీన్ని మించితేనే మార్చాలి. 150 కి.మీ.కు ఆ తేడా 955, గిట్టదు. 165 కి.మీ. దగ్గర సమానం అవుతుంది. 600 కి.మీ.కు తేడా 3,517, కళ్లు మూసుకుని మార్చొచ్చు. ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు తీసే ఆన్‌లైన్ బిల్లు) అవసరమైన సరుకైతే బండి మారినప్పుడు దాని పార్ట్ బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. బిల్లు గడువు ప్రతి 200 కి.మీ.కు ఒక రోజు. లారీ నిండేదాకా సరుకును బండిలోనే ఆపితే గడువు దాటిపోతుంది. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిశాక ఎనిమిది గంటల వరకు పొడిగించుకోవచ్చు.

ఓవర్‌లోడు ఎందుకు వద్దంటే

"ఇంకో మూడు టన్నులు వేస్తే ఖర్చు తగ్గుతుంది కదా" అంటారు. పై 600 కి.మీ. ట్రిప్పులో మూడు టన్నులకు వచ్చేది ఆరు వేల చిల్లర. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం జరిమానా రూ. 20,000, ఆ పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, మొత్తం 26,000. అదనపు సరుకు అక్కడే దించే ఖర్చు కూడా మీదే. నాలుగు ట్రిప్పుల ఆశ ఒక్క తనిఖీలో పోతుంది. పట్టుబడకపోయినా నష్టం ఉంది. యాక్సిల్ మీద 20 శాతం అదనపు బరువు పడితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు దాటుతుంది, ఎందుకంటే అది బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. టైర్లు, కమాన్ కట్టలు, బ్రేకు లైనర్లు ముందే పోతాయి. ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే పోయేది డ్రైవర్ ప్రాణం. మొత్తం బరువు సరిగా ఉన్నా బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే వెనక యాక్సిల్ పరిమితి దాటుతుంది. ముందు డాలా నుంచి సమంగా పేర్చుకుంటూ రండి.

బండి కిరాయికి మాట్లాడేవాళ్లకు

సొంత బండి లేకపోయినా ఈ లెక్క మీ చేతిలో ఉండాలి. లారీ యజమానికి ఎంత పడుతుందో తెలిస్తే ఏ రేటు న్యాయమో, ఏ రేటుకు ఒప్పుకున్నవాడు ఓవర్‌లోడుతో పూడ్చుకుంటాడో తెలుస్తుంది. టన్ను రేటు మాట్లాడితే కనీస టన్నుల గ్యారంటీ ఎంతో అడగండి. 18 టన్నుల గ్యారంటీకి 14 టన్నులే ఎక్కిస్తే 18కీ కట్టాలి. హాల్టింగ్ చార్జీ ఎన్ని గంటల తర్వాత మొదలవుతుందో, రోజుకు ఎంతో, హమాలీ ఎవరిదో, టోలు ఎవరిదో, అడ్వాన్సు ఎంతో, బ్యాలెన్సు ఎప్పుడో లోడుకు ముందే ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద రాయించుకోండి. ఎక్కించేచోట, దించేచోట రెండు కాటా చీటీలూ తీసుకోండి. తక్కువ రేటు కావాలంటే బేరమాడటం కంటే మంచి దారి ఒకటుంది. లారీ వచ్చేసరికి సరుకు, హమాలీలు, బిల్లు సిద్ధంగా పెట్టి, ఆ రోజే వదిలేస్తానని చెప్పండి. రోజుకు 4,500 మిగిల్చే గిరాకీకి టన్నుకు వంద, నూట యాభై తగ్గించడానికి ఏ యజమానికీ కష్టం ఉండదు.